పసిచేతులకు అందే నంద్యాల సీమ

చూపు, వినికిడి, స్పర్శ, రుచి, వాసన అనే అయిదు ద్వారాల నుంచే పసిపిల్లలు లోకాన్ని మొదట తెలుసుకుంటారు కాబట్టి, ఆ ఇంద్రియాలకు పని కల్పించే వస్తువులను వెడల్పాటి పెట్టెలోనో తొట్టెలోనో అమర్చి పిల్లల ముందు ఉంచే పద్ధతి పూర్వ ప్రాథమిక విద్యలో ఇప్పుడు బాగా ప్రచారంలోకి వచ్చింది. సెన్సరీ బిన్ అనే పేరుతో వ్యవహరిస్తున్న ఈ సాధనాన్ని తెలుగులో ఆటపెట్టె అని పిలుచుకోవచ్చు. ఇందులో మూడు అంగాలు ఉంటాయి: పెట్టె అడుగున పరచి ఉంచే ధాన్యం, ఇసుక, నీరు వంటి ఆధార పదార్థం మొదటిది, ఆ పదార్థాన్ని తోడడానికి, పోయడానికి, జల్లించడానికి పనికివచ్చే చిన్న పనిముట్లు రెండవది, పొలమో, చెరువో, అడవో, పిల్లలు గుర్తుపట్టగలిగే ఏదో ఒక ఇతివృత్తం మూడవది.

బజారులో సిద్ధంగా దొరికే ఇటువంటి పెట్టెలలో సముద్రగర్భం, మంచుకొండలు, రాక్షసబల్లులు వంటి ఇతివృత్తాలు, వాటికి తగిన ప్లాస్టిక్ బొమ్మలు ఎక్కువగా కనిపిస్తాయి. అయితే మంచును ఎన్నడూ తాకని బిడ్డకు తెల్లని ప్లాస్టిక్ పూసలు మంచును పరిచయం చేయలేవు. తన ఇంటి వంటగదిలో ఉన్న కొర్రలు, తన ఊరి కాలువలో పారే నీరు, తన వీధి చివర శిల్పి చెక్కుతున్న రాయి మాత్రం పెట్టెలో చేతికి తగిలినప్పుడు ఒక అర్థాన్ని ఇస్తాయి, ఎందుకంటే పెట్టె మూత మూసిన తరువాత కూడా ఆ బిడ్డ వాటిని బయట మళ్లీ చూడగలుగుతుంది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి వేరై ఏర్పడిన నంద్యాల జిల్లాలో నల్లరేగడి పొలాలు, కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింద పండే సోనా బియ్యం, మహానంది కోనేళ్లు, ఆళ్లగడ్డ శిల్పశాలలు, బెలుం గుహలు, నల్లమల అడవి అన్నీ ఒకే సీమలో ఉన్నాయి కనుక, ఆటపెట్టెకు కావలసిన ఇతివృత్తాల కోసం అక్కడి తల్లిదండ్రులు దూరం వెళ్లవలసిన అవసరం లేదు.

పాత ఆటకు కొత్త అమరిక

ఈ పద్ధతి పేరు కొత్తదే గాని, దాని వెనుక ఉన్న ఆట తెలుగు పిల్లలకు కొత్తది కాదు. ఇసుకలో వండి వడ్డించే గుజ్జెనగూళ్లు, తడి ఇసుకలో పాదాన్ని ఉంచి దాని మీద మెత్తి, పాదాన్ని మెల్లగా వెనక్కి తీసి కట్టే పిచ్చుకగూళ్లు, చింతపిక్కలతో ఆడే వామనగుంతలు, గులకరాళ్లతో ఆడే అచ్చనగాయలు, లక్కపిడతల వంటలు అన్నీ చేతివేళ్లకు, కంటికి, చెవికి ఒకేసారి పని చెప్పిన ఆటలే. ఇతివృత్తం ప్రకారం చిన్న ప్రపంచాన్ని అమర్చడం అనే ఆలోచనకు బొమ్మలకొలువు చక్కని ఉదాహరణ: మెట్ల మీద బొమ్మలను పేర్చి, ముందు భాగంలో ఇసుక పోసి, ఆవాలో మెంతులో చల్లి మొలిపించి, అద్దపు ముక్కను చెరువుగా ఉంచి ఊరంతటినీ కళ్లకు కట్టే అలవాటు ఎన్నో ఇళ్లలో నేటికీ ఉంది.

పళ్లెంలో ఆధార పదార్థాన్ని పరచి దాని మీద పిల్లల వేలితో పని చేయించడమనేది అక్షరాభ్యాసంలోనే కనిపిస్తుంది. బియ్యం పరచిన పళ్లెంలో బిడ్డ చూపుడువేలిని పట్టి తొలి అక్షరాలు దిద్దించే ఆచారంలో, అక్షరం కంటికి కనిపించడానికి ముందే దాని మలుపు వేలికి తెలుస్తుంది. వీధిబడులలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దిన పద్ధతి దేశాంతరాలకు కూడా వెళ్లింది. మద్రాసులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి 1789లో పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండు మతాచార్యుడు, స్థానిక బడిలో పిల్లలు వేళ్లతో ఇసుకలో రాయడం చూసి, ఆ పద్ధతిని తన ఆశ్రమంలో ప్రవేశపెట్టి, 1797లో దానిని గురించి లండనులో ఒక పుస్తకం ప్రచురించగా, తరువాతి కాలంలో ఇంగ్లండులోని పేదపిల్లల బడులలో ఇసుక పళ్లేలు వాడుకలోకి వచ్చాయి. ఈ చరిత్రను గుర్తుంచుకుంటే, ఆటపెట్టెను విదేశీ వస్తువుగా భావించి కొనవలసిన పని గాని, పరాయిదని తోసిపుచ్చవలసిన పని గాని లేదని తెలుస్తుంది.

వరండాలు, వాకిళ్లు, కల్లాలు, ఇసుక మేటలు పిల్లలకు అందుబాటులో ఉన్నంతకాలం ఇటువంటి ఆటకు ప్రత్యేకమైన ఏర్పాటు అవసరం కాలేదు. సిమెంటు వాకిళ్లు, అద్దె గదులు, వాహనాలతో నిండిన వీధులు, చేతిలో ఫోను వచ్చిన తరువాత ఆ అనుభవాలను ఎవరో ఒకరు పనిగట్టుకుని ఇంట్లోకి తీసుకురావలసి వచ్చింది. పోయిన వాకిటిలో కొంత భాగాన్ని తిరిగి తెచ్చుకునే చిన్న ఏర్పాటే ఆటపెట్టె.

చేతితో నేర్చుకునే చదువు

స్విట్జర్లాండుకు చెందిన మనోవిజ్ఞానవేత్త జా పియాజే, పుట్టినప్పటి నుంచి సుమారు 2 సంవత్సరాల వరకు ఉండే దశను ఇంద్రియచాలక దశ అని పిలిచాడు. ఇంద్రియాలతో గ్రహించడం, చేతులు కాళ్లతో ఆ వస్తువు మీద ఏదో ఒక పని చేయడం అనే రెండూ కలిసినప్పుడే ఆ వయసు పిల్లల్లో ఆలోచన రూపుదిద్దుకుంటుందని ఆ పేరుకు అర్థం. 1907 జనవరి 6న రోము నగరంలోని ఒక పేదవాడలో బాలల గృహాన్ని ప్రారంభించిన మరియా మాంటిస్సోరి, గరుకు నునుపు పలకలు, ధ్వని పెట్టెలు, గరుకు కాగితంతో చేసిన అక్షరాలు వంటి సాధనాలను రూపొందించి, ఒక్కొక్క ఇంద్రియానికి విడివిడిగా అభ్యాసం కల్పించింది. దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన ఆమె, రెండవ ప్రపంచయుద్ధం కారణంగా భారతదేశంలోనే కొన్ని సంవత్సరాలు ఉండిపోయి వందలాది మంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది.

మాంటిస్సోరి సాధనాలు ఖరీదైనవి కావడంతో, వాటిని పేద పల్లెలకు చేర్చే మార్గాన్ని మహారాష్ట్రలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ అనే ఇద్దరు విద్యావేత్తలు వెదికారు. 1945లో బోర్డీ గ్రామంలోను, 1957 నుంచి కోస్‌బాడ్ కొండప్రాంతంలోను వారు నడిపిన బాలవాడిలలో ఆకులు, గవ్వలు, గులకరాళ్లు, గింజలు, కర్రపుల్లలే బోధనసామగ్రి అయ్యాయి. పిల్లల వద్దకే, వారి వాకిటిలోకే బడి వెళ్లాలనే ఈ ప్రయోగంలోనే అంగన్‌వాడి అనే భావన పుట్టింది. 1975 అక్టోబరు 2న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఆ పేరును దేశమంతటా ప్రతి పల్లెకూ పరిచయం చేసింది. 2022 అక్టోబరులో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 3 నుంచి 8 సంవత్సరాల పిల్లలకు ఆటనే ప్రధాన బోధనమార్గంగా నిర్దేశించగా, దానికి అనుగుణంగా బొమ్మలు, పజిళ్లు, ఆటలతో కూడిన జాదుయీ పిటారా అనే పెట్టె 2023 ఫిబ్రవరిలో విడుదలైంది.

ఆటపెట్టె ముందు కూర్చున్న బిడ్డలో జరిగే అభ్యాసాన్ని కొన్ని ఉదాహరణలతో గ్రహించవచ్చు. గింజను బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టి ఎత్తడమనే పని, రేపు పెన్సిలు పట్టవలసిన వేళ్లనే బలపరుస్తుంది. ఒకే కొలత నీటిని పొడవాటి గ్లాసులోను, వెడల్పాటి గిన్నెలోను పోసినప్పుడు పొడవాటి దానిలోనే ఎక్కువ ఉన్నదని నాలుగైదేళ్ల పిల్లలు భావిస్తారని, పాత్ర ఆకారం మారినా పరిమాణం మారదనే జ్ఞానం సుమారు ఏడేళ్ల వయసుకు గాని స్థిరపడదని పియాజే ప్రయోగాలు చూపాయి. ఆ వయసు పిల్లలు పదే పదే పోసి చూడడం వ్యర్థమైన అల్లరి కాక, ఆ నియమం వైపు వారు వేస్తున్న అడుగులని దీనివల్ల అర్థమవుతుంది.

భాష విషయంలో తెలుగు పిల్లలకు ఒక ప్రత్యేకమైన లాభం ఉంది. గరుకు, నునుపు, బిరుసు, మెత్తన, జిగట, పొడిపొడి, చల్లన, గోరువెచ్చన వంటి స్పర్శపదాలతో పాటు, గలగల, జలజల, కరకర, టపటప, బుడబుడ వంటి ధ్వన్యనుకరణ పదాలు, అంటే శబ్దాన్నే మాటగా మలచిన పదాలు, తెలుగులో సమృద్ధిగా ఉన్నాయి. జొన్నలు చేటలో దొర్లే క్షణంలోనే జలజల అనే మాట చెవిన పడితే, ఆ మాట అర్థం విడిగా చెప్పవలసిన అవసరం ఉండదు.

పెట్టె అమరిక

సుమారు ఒకటిన్నర అడుగు పొడవు, అడుగు వెడల్పు, అర అడుగు లోతు ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒక బిడ్డకు చాలు. స్టీలు తాంబాళం, వెడల్పాటి బేసిను, ఇంట్లో పడి ఉన్న పాత టబ్బు కూడా ఇందుకు సరిపోతాయి. బనగానపల్లె మామిడిపళ్లు వచ్చిన చెక్కపెట్టెను వాడదలచితే మేకులు తీసి, గరుకు కాగితంతో రుద్ది, లోపల మందపాటి గుడ్డ పరచవలసి ఉంటుంది. అంగుళం పైచిలుకు మందాన మూడు నాలుగు కిలోల ధాన్యం పరిస్తే వేళ్లు బాగా మునుగుతాయి గాని, గింజలు అంచు దాటి ఒలికిపోవు. పెట్టె కింద పాత దుప్పటినో బొంతనో పరచి, ఆట ముగిసిన తరువాత నాలుగు కొసలు ఎత్తి ఒలికిన గింజలను తిరిగి పెట్టెలోకి చేర్చడం సులభమైన మార్గం. ఆ పనిలో బిడ్డ చేయి కూడా కలిపితే సర్దుకోవడం కూడా ఆటలో భాగమవుతుంది.

పనిముట్లు ఎక్కువైతే పిల్లల దృష్టి చెదురుతుంది కాబట్టి గరిటె, గ్లాసు, చిన్న జల్లెడ, గరాటు, రెండు గిన్నెల వంటి నాలుగైదు వస్తువులు చాలు. రంగు బియ్యం కావాలనుకునే వారికి అక్షతలు కలిపే విధానమే మార్గం: తడిపిన పసుపును బియ్యానికి పట్టించి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, చేతికి తడి తగలనప్పుడే డబ్బాలో పోయాలి. బీట్‌రూట్ రసంతో గులాబీ రంగు, పాలకూర రసంతో లేత ఆకుపచ్చ రంగు వస్తాయి గాని, అవి త్వరగా వెలిసిపోతాయి, సరిగా ఆరకపోతే బూజు పడతాయి. ముగ్గు రంగులు, బజారు కుంకుమ పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువులకు తగినవి కావు.

కల్లం పెట్టె

నంద్యాలలోని వ్యవసాయ పరిశోధనస్థానం 1906లో స్థాపితమై, నేడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో కొనసాగుతున్నది. నరసింహ అనే పత్తి రకం, సూర్యనంది అనే కొర్ర రకం, రేగడి నేలల్లో చలికాలపు తేమతో పండే అనేక శనగ రకాలు ఇక్కడి నుంచే రైతులకు చేరాయి. ఈ సీమ పంటలను పిల్లల చేతికి అందించే కల్లం పెట్టెలో ఒక వైపు కొర్రలు, ఒక వైపు జొన్నలు, మధ్యలో శనగలు పోసి, పక్కన చిన్న చేట, జల్లెడ, విసనకర్ర, కొలపాత్ర ఉంచవచ్చు. మూడేళ్లు దాటిన పిల్లలకే ఈ పెట్టె తగినది.

మూడు గింజలూ కలిసిపోయిన తరువాత వాటిని వేరుచేయడమే ఈ పెట్టెలోని ప్రధానమైన ఆట. ఆవగింజలా చిన్నదైన కొర్ర జల్లెడ కన్నాల నుంచి జారిపోయి, ముక్కు ఉన్న శనగ పైనే నిలిచినప్పుడు, పరిమాణాన్ని బట్టి వస్తువులను వేరుచేసే సూత్రం బిడ్డ కళ్లముందే పనిచేస్తుంది. శనగలలో బొరుగులు కలిపి చేటలో ఎగరవేస్తూ విసనకర్రతో విసిరితే, తేలికైన బొరుగులు దూరంగా పడి బరువైన శనగలు దగ్గరే రాలుతాయి. కల్లంలో రైతు గాలివాటున నిలబడి తూర్పారబట్టడానికి ఆధారమైన నియమం ఇదే. గింజలతో పాటు ఒక నిండు కొర్రకంకినీ, ఒక జొన్నకంకినీ పెట్టెలో ఉంచితే, నక్కతోకలా వంగిన కొర్రకంకి నూగును వేలితో రాస్తూ గింజ ఎక్కడి నుంచి వచ్చిందో బిడ్డ తెలుసుకుంటుంది. విచ్చిన పత్తికాయ మరొక మంచి వస్తువు: దూదిలో దాగిన గింజలను వేళ్లతో వెదకి తీయడం కష్టమైన పని, ఓపికను నేర్పే పని కూడా.

కోనేటి పెట్టె

వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో పిల్లలను ఎక్కువగా ఆకర్షించేది నీటి పెట్టె. నంద్యాలకు సమీపంలో నల్లమల పాదాన ఉన్న మహానంది ఆలయంలో గర్భాలయం నుంచి ఊరే జలం రుద్రగుండం, బ్రహ్మగుండం, విష్ణుగుండం అనే కోనేళ్లలో నిండి, అడుగున పడిన నాణెం కూడా పైకి కనిపించేంత స్వచ్ఛంగా ఉంటూ, ఏడాది పొడవునా పారి చుట్టుపక్కల అరటితోటలను తడుపుతుంది. ఆ కోనేటిని ఇతివృత్తంగా తీసుకుని, లేతరంగు బేసినులో మూడు నాలుగు అంగుళాల నీరు పోసి, అడుగున పెద్ద నాపరాతి ముక్కను, నునుపైన రాళ్లను పరచి, కొబ్బరిచిప్ప, ఎండుకొమ్మ, చెంచా, నిమ్మకాయ వంటి వస్తువులను పక్కన ఉంచితే, ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అనే ప్రశ్న దానంతట అదే పుడుతుంది. చిన్నదైన చెంచా మునిగి, దానికన్నా పెద్దదైన కొబ్బరిచిప్ప తేలినప్పుడు, పెద్దవన్నీ మునుగుతాయనే తొలి ఊహను పిల్లలు సరిదిద్దుకుంటారు.

అరటి దొప్పలను వాలుగా పేర్చి, పై నుంచి చెంబుతో నీరు పోస్తే కాలువ ఆట అవుతుంది. తుంగభద్ర మీద సుంకేసుల వద్ద మొదలై నంద్యాల ప్రాంతం మీదుగా కడప వరకు సాగే కె.సి. కాలువ 19వ శతాబ్దంలో తవ్విన కాలువ. నీరు పల్లానికే పారుతుందని, అడ్డు పెడితే నిలిచి పక్కకు తిరుగుతుందని తడి ఇసుకలో వేలితో గీసిన చిన్న కాలువ కూడా అదే విధంగా చూపుతుంది. ఆడగా మిగిలిన నీటిని ఏ మొక్కకు పోయాలో బిడ్డనే నిర్ణయించనివ్వడం ఈ ఆటకు తగిన ముగింపు.

రాతి పెట్టె, రేగడి పెట్టె

నంద్యాల నుంచి కడప వైపు వెళ్లే జాతీయ రహదారి మీద ఉన్న ఆళ్లగడ్డ, దేవతావిగ్రహాలు, ధ్వజస్తంభాలు, ఆలయభాగాలు చెక్కే శిల్పులకు పేరుపొందిన ఊరు. అక్కడి పిల్లలకు ఉలి దెబ్బ రోజూ వినబడే శబ్దం. ఒకే రాయి మూడు దశలలో మూడు స్పర్శలను ఇస్తుందనేది రాతి పెట్టెకు మూలమైన విషయం: గని నుంచి వచ్చిన ముఖం గరుకుగా ఉంటుంది, ఉలి పడిన ముఖం గాట్లు గాట్లుగా ఉంటుంది, మెరుగు పెట్టిన ముఖం అద్దంలా నునుపుగా ఉంటుంది. శిల్పశాల వారిని అడిగి, అంచులు గుండ్రంగా అరగదీసిన పిడికెడు రాయిలో ఈ మూడు ముఖాలూ ఉండేలా చేయించుకుంటే, కళ్లు మూసుకుని ఏ ముఖం ఏదో చెప్పే ఆట ఆడవచ్చు. రాతిని కర్రముక్క పక్కన పెట్టి రెండింటినీ తాకితే రాయి చల్లగా తోస్తుంది. రెండూ ఒకే గదిలో, ఒకే వేడిలో ఉన్నప్పటికీ రాయి చేతి వేడిని త్వరగా లాగేసుకోవడమే దీనికి కారణం. శిల్పశాస్త్రాలు రాతిని తట్టినప్పుడు వచ్చే నాదాన్ని బట్టి దానిని పురుషశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విభజించాయి. చిన్న కర్రసుత్తితో రకరకాల రాళ్లను తట్టి వాటి మోతను పోల్చే బిడ్డ ఆ పరీక్షకు తొలి మెట్టు మీద ఉన్నట్లే.

కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున సున్నపురాతి నేల కింద విస్తరించి ఉన్నాయి. మూత ఉన్న అట్టపెట్టెకు రెండు వైపులా చేతులు పట్టే కన్నాలు చేసి, లోపల తెలిసిన వస్తువులు ఉంచి, గుహ చీకటిలో తడుముకున్నట్లు, చూడకుండా తాకి పేరు చెప్పే గుహ ఆట ఆడవచ్చు.

రేగడి పెట్టెకు కావలసింది శుభ్రమైన పొలం నుంచి తెచ్చి, ఎండబెట్టి, నలిపి, రాళ్లు ఏరిన నల్లమట్టి. ఈ మట్టిలోని సన్నని బంక రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, ఆరినప్పుడు కుంచించుకుపోతాయి. వేసవిలో రేగడి పొలాలు బీటలు వారడానికి కారణం ఇదే. తడిపిన మట్టిని పళ్లెంలో పలుచగా పరచి రెండు రోజులు ఎండలో ఉంచితే ఆ బీటలు పళ్లెంలోనే కనిపిస్తాయి, తిరిగి నీరు చిలకరిస్తే మూసుకుంటాయి. కర్నూలు సీమ పల్లెలలో తొలకరి రోజుల్లో వచ్చే మన్నెత్తుల అమావాస్యకు మట్టి ఎద్దులను చేసి పూజించే ఆచారం ఉంది. ఆ ఎద్దుల తయారీలో పెద్దల పక్కన కూర్చునే పిల్లలకు మట్టిలో ఎంత నీరు కలిపితే కొమ్ము నిలుస్తుందో, ఎంత ఎక్కువైతే వాలిపోతుందో వేళ్లే చెబుతాయి.

తప్పనిసరి జాగ్రత్తలు

పసిపిల్లలు ప్రతి వస్తువును నోటితో పరీక్షిస్తారు కాబట్టి ఏ వయసుకు ఏ పెట్టె అనేది అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం. ఏడాదిన్నర లోపు పిల్లలకు తినదగినవి, లేదా మింగడానికి వీలుకాని పెద్దవి మాత్రమే ఉంచాలి: చల్లారిన మెత్తని రాగి సంగటి, ఉడికించిన సగ్గుబియ్యం, మగ్గిన అరటిపండు, పట్టు, నూలు, గోనె గుడ్డల పెద్ద ముక్కలు ఇందుకు తగినవి. మూడేళ్ల లోపు పిల్లల పెట్టెలో చిన్న గింజలు, పూసలు, గుండీలు ఉండరాదు. బొమ్మల భద్రతాపరీక్షలలో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో ఇమిడిపోయే వస్తువును ఆ వయసు పిల్లల గొంతుకు అడ్డుపడగలదిగా పరిగణిస్తారు. వేరుశనగ గింజలు శ్వాసనాళంలోకి పోతే ప్రాణాపాయం కలుగుతుంది, శనగలు ముక్కులోనో చెవిలోనో చిక్కుకుంటే తేమకు ఉబ్బి బయటకు రావు. నీటిలో వేస్తే ఉబ్బే రంగు జెల్ పూసలు మింగితే పేగులలో ఉబ్బి అడ్డుపడతాయి కనుక వాటిని ఇంటికే తేకూడదు. పచ్చి పిండిలో కూడా హానికరమైన సూక్ష్మజీవులు ఉండవచ్చు కాబట్టి, బొమ్మలు చేసుకునే ఆటముద్దకు వాడే పిండిని ఉడికించి తీసుకోవడం మేలు.

పంటల సీమలో మరికొన్ని ప్రమాదాలు పొంచి ఉంటాయి. ఆముదం గింజలు చూపుకు నిగనిగలాడుతూ, గురివింద గింజలు ఎరుపు నలుపులతో మెరుస్తూ పిల్లలను ఆకర్షిస్తాయి గాని, రెండింటిలోనూ ప్రాణాంతకమైన విషం ఉంది; ఉమ్మెత్త, అడవి ఆముదం, కానుగ గింజలు కూడా ఆటకు పనికిరావు. విత్తనం కోసం కొన్న గింజలకు తెగుళ్ల మందు పట్టించి ఉంటారు, వాటికి ఎరుపో నీలమో రంగు వేయడం కూడా తినకూడదని తెలియజేయడానికే. విత్తనవ్యాపారానికి కేంద్రమైన నంద్యాలలో ఆ రంగు చూసి ముచ్చటపడి పెట్టెలో పోసే పొరపాటు జరగకూడదు. పురుగుమందు బిళ్లలు వేసి నిల్వచేసిన బస్తాలోని ధాన్యం కూడా తగదు. రాతిపొడి, రోబో ఇసుక, శిల్పశాలలోని చెక్కుడు దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, రాతి పెచ్చుల అంచులు చేతులు కోస్తాయి. ఇసుకను కడిగి, జల్లించి, ఎండబెట్టి, పిల్లులు రాకుండా మూత పెట్టి ఉంచాలి. రెండు అంగుళాల నీరు కూడా పసిబిడ్డను ముంచగలదు కాబట్టి, నీటి పెట్టె పక్కన పెద్దవారు ఒక్క నిమిషం కూడా లేవకుండా ఉండి, ఆట ముగియగానే నీటిని పారబోయాలి.

పక్కన కూర్చునే పెద్దలు

ఆటపెట్టె ముందు పెద్దల పని తక్కువగా కనిపిస్తుంది గాని, అది తేలికైన పని కాదు. కొర్రలను జొన్నలలో కలపవద్దని అడ్డు చెప్పడం, ఎద్దుకు కొమ్ములు ఇలాగే ఉండాలని దిద్దడం, రంగుల పేర్లు వరుసగా అప్పజెప్పించడం మొదలైన మరుక్షణమే ఆట పాఠంగా మారి బిడ్డ లేచిపోతుంది. బిడ్డ చేస్తున్న పనికి ఒక మాటను జతచేసి, అడిగిన ప్రశ్నకు జవాబిచ్చి, మిగిలిన సమయం మౌనంగా చూడడం మేలైన మార్గం. పదిహేను నిమిషాలు ఆడినా, అరగంట ఆడినా ఆ నిడివిని బిడ్డే నిర్ణయిస్తుంది. పెట్టెను రోజూ ఉంచక వారానికి ఒకటి మార్చితే కొత్తదనం పోదు.

కొందరు పిల్లలు జిగటను, మట్టిని తాకగానే చేయి వెనక్కి తీసుకుంటారు. అటువంటి వారి చేతిని పట్టి ముంచడం భయాన్నే పెంచుతుంది. మొదట చెంచాతో తాకడం, తరువాత పొడి గింజలు, ఆ తరువాత తడి పదార్థం అనే క్రమంలో వారికి వారే దగ్గరయ్యే అవకాశం ఇవ్వాలి. అయిదు ఇంద్రియాలతో పాటు సమతూకాన్ని తెలిపే జ్ఞానం, కండరాలు కీళ్ల నుంచి వచ్చే జ్ఞానం కూడా మెదడులో సమన్వయం పొందాలని అమెరికాకు చెందిన జీన్ ఏయర్స్ 1970ల నాటికి ప్రతిపాదించిన సిద్ధాంతం ఆధారంగా ఆక్యుపేషనల్ థెరపిస్టులు ప్రత్యేక అవసరాలు ఉన్న పిల్లలకు శిక్షణ ఇస్తున్నారు. ఇంట్లోని ఆటపెట్టె ఆ శిక్షణకు బదులు కాదు. ఒక బిడ్డ స్పర్శకు, శబ్దానికి నిరంతరం తల్లడిల్లుతున్నట్లు కనిపిస్తే వైద్యుల సలహా తీసుకోవడమే సరైన పని.

తిండిగింజలతో ఆడడం తగునా అనే సందేహం అన్నాన్ని దైవంగా భావించే ఇళ్లలో కలగడం సహజం, ఆ సందేహం గౌరవించదగినది కూడా. ఒకసారి తీసిన నాలుగు కిలోల గింజలను ప్రత్యేకమైన డబ్బాలో ఉంచి, అప్పుడప్పుడు ఎండబెట్టి, నెలల తరబడి అవే వాడి, చివరకు పావురాలకు, పిచ్చుకలకు వేస్తే గింజ వ్యర్థం కాదు. ఆ గింజను పండించిన వారి శ్రమను బిడ్డకు చెప్పడానికి కూడా అదే మంచి సమయం.

పెట్టెలోని సీమ నిజమైన సీమకు దారి చూపినప్పుడే ఈ ప్రయత్నం సార్థకమవుతుంది. కల్లం పెట్టెతో ఆడిన బిడ్డను కోతల కాలంలో కొర్రచేను గట్టు మీదకు, కోనేటి పెట్టెతో ఆడిన బిడ్డను మహానంది మెట్ల మీదకు, రాతి పెట్టెతో ఆడిన బిడ్డను ఆళ్లగడ్డ శిల్పశాల వాకిటికి తీసుకువెళ్లడం ఆటలో చివరి భాగం. చేను గట్టు మీద వంగిన కంకిని చూసి, ఎవరూ చెప్పకముందే దాని నూగు ఎలా ఉంటుందో తెలిసిన చేయి ముందుకు చాచినప్పుడు, వంటగదిలో మూడు కిలోల గింజలతో మొదలైన చదువు తన పొలాన్ని చేరుకుంటుంది.